అందరూ రాగలిగే ఆట

ఎల్లుండి నుంచి కార్ఖానా లోపలికి పోయినవాడు బయటికి రావడానికి లేదని ముకాదం సోమలింగం చెప్పి పోయిన సాయంత్రం, బమ్రోలిలో సదానందం ఉండే ఒంటిగది ఇంట్లో ఒక ఆట గురించి కొట్లాట జరిగింది. ఫోన్లలో పిల్లలు ఆడుకునే ఆట. ఊరంతా ఊపిరాడక చస్తుంటే వీళ్ళకు ఆటలేమిటని అడిగేవాళ్ళుంటారు. వాళ్ళ మీద బయటి నుంచి ఎవడూ ఎన్నడూ తాళం వేసి ఉండడు.

సూరత్‌లో కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలం అది. రింగ్ రోడ్ మీద చీరల మార్కెట్లు షట్టర్లు దించాయి. సాంచెలు మాత్రం ఆగలేదు. సాంచె అంటే మరమగ్గం, సిరిసిల్ల వైపు నుంచి వచ్చినవాళ్ళు అట్లాగే అంటారు. సేఠ్‌కు ఎక్కడో పెద్ద ఆర్డరుంది. జనం బయట తిరిగి రోగం మోసుకొస్తున్నారు కనుక ఇక లోపలే తినాలి, లోపలే పడుకోవాలి, లోపలే నేయాలి. నచ్చనివాడు మళ్ళీ మొహం చూపించనక్కర్లేదు. మాటలు సేఠ్‌వి, మోసుకొచ్చింది సోమలింగం. ఊళ్ళ నుంచి మనుషుల్ని తెచ్చి సేఠ్‌కు అప్పగించడం ముకాదం పని. సోమలింగం మన వైపువాడే. మనవాడు కావడమే వాడి ఉద్యోగం.

"ఫోన్లు తీస్కపోవచ్చునట," అన్నాడు సదానందం చెయ్యి కడుక్కుంటూ. "గని పొద్దుమీకి వానికి చూపెట్టాలె. వాట్సాప్ తెరిచి చూస్తడట. ఇంటికి ఫోన్ చేస్తే స్పీకర్ పెట్టి వాని ముందటనే మాట్లాడాలెనట."

"గదేంది? మొగుడు పెండ్లాం మాట్లాడేది గూడ వాడే వినాలెనా?" అంది జమున.

"నిరుటి వీడియో మర్చిపోయినవా?"

జమున మర్చిపోలేదు. మొదటి లాక్‌డౌన్‌లో ఇదే కార్ఖానాలో పగార్ లేకుండా, తిండి లేకుండా పడి ఉన్న మనుషుల వీడియో బయటికి పోయి టీవీలో వచ్చింది. సేఠ్ పరువు పోయింది. పరువు పోయిన సేఠ్ ఈసారి ముందే జాగ్రత్త పడుతున్నాడు.

అప్పుడు కూతురు నిఖిత అంది, "బాపూ, ఆట లోపల మాట్లాడుకుందాం. వాడు వాట్సాప్ చూస్తడు గని ఆట ఎందుకు చూస్తడు?"

నిఖిత కాలేజీలో మొదటి ఏడాది, అదీ ఆన్‌లైన్లోనే. ఆమె చెప్పిన ఆటలో గెలుపు ఓటములు ఉండవు. నేల, కొండ, చెట్టు, నీళ్ళు, అన్నీ చదరపు దిమ్మెలే. తవ్వుకోవచ్చు, పేర్చుకోవచ్చు, ఇల్లు కట్టుకోవచ్చు. లోపల ప్రతి మనిషికీ ఒక బొమ్మ ఉంటుంది, నలుగురు కలిసి ఒకే లోకంలో తిరగొచ్చు. నిరుడు పని లేక ఇంట్లో కూర్చున్నప్పుడు ఆమె తండ్రికి నేర్పింది. సదానందం జకార్డు నేతగాడు. చీర మీద పువ్వు రావాలంటే ముందు గళ్ళ కాగితం మీద నక్ష గీయాలి, గడికి ఇన్ని పోగులని లెక్క. ఆ ఆట చూసిన మొదటి రోజే "ఇది ఆటేంది బిడ్డా, నక్షనే గదా" అని, ఎర్ర ఉన్ని దిమ్మెలతో నేల మీద మామిడిపిందె అంచు పరిచాడు.

ఇప్పుడు కూడా అతనికి వెంటనే తట్టింది. "అక్షరాలు నేల మీద పరుస్త. పక్కన నిలబడి చూస్తే రంగురంగుల దిమ్మెలే. పైకెక్కి చూసినోనికే మాట కనవడుతది."

"సూపర్, బాపూ! గని ఒక్క సంగతి." నిఖిత రెండు చేతులూ చాపింది. "ఈ ఆట రెండు తీర్లది. ఒకటి ఫోన్లది, ఒకటి కంప్యూటర్‌ది. పేరొక్కటే, దిమ్మెలొక్కటే. గని ఇందుల ఉన్నోడు అందులకు రాలేడు. ఏదో ఒకటే పట్టుకోవాలె."

"ఒకటే ఆటన్నంక గట్లెట్ల?" అంది జమున.

"నూటిరవై హుక్కుల జకార్డు కార్డులు రెండువందల నలభై దాని మీద నడుస్తయా?" అన్నాడు సదానందం. ఒకదానికి కొట్టిన నక్ష ఇంకోదానికి పట్టదని జమునకు అర్థమైంది.

నిఖితకు కంప్యూటర్‌దే కావాలి. ఆల్థాన్‌లో ఇంజనీరు దక్షిణామూర్తి ఇంటికి జమున చీరల ఫాల్స్ కుట్టి ఇస్తుంది. ఆయన భార్య లలిత, నిఖిత చదువు కోసమని పాత ల్యాప్‌టాప్ ఒకటి ఇచ్చింది. వాళ్ళబ్బాయి ఆడుకున్న ఆట అందులోనే ఉంది. కార్ఖానాలో డిజైన్ల గదిలోనూ ఒక కంప్యూటరుంది, దాని ముందు కూర్చునేది సదానందమే. పెన్‌డ్రైవులో పెట్టి తీసుకుపోతే చాలు.

"కంప్యూటర్‌దైతే దర్వాజ మన చేతుల ఉంటది," అంది నిఖిత. "నేను పేరు రాసినోడే లోపలికొస్తడు. ఫోన్‌దైతే నా దోస్తు వస్తడు, వాని దోస్తు వస్తడు, వాని వెనక ఎవడొస్తడో తెల్వది. పైంగ ఫోన్ ఎవల చేతుల ఉంటే ఆట లోపల వాడే బాపు అయితడు."

ఆ మాటకు మూల కూర్చుని అన్నం తింటున్న నర్సింగం తలెత్తాడు.

నర్సింగం సదానందం జోడీ. సూరత్ సాంచెల మీద ఇదొక పద్ధతి. అవే సాంచెలను పగలు ఒకడు నడుపుతాడు, రాత్రి ఒకడు. అదే మంచం మీద రాత్రి ఒకడు పడుకుంటాడు, పగలు ఒకడు. ఒకడి ఒంటి వేడి పోకముందే రెండోవాడు వచ్చి వాలతాడు. నర్సింగానికి ఇక్కడ పెండ్లాం పిల్లలు లేరు, తిండి జమున చేతిదే. తన ఫోన్ పగిలిపోయినప్పటి నుంచి ఫోన్ కూడా ఇద్దరికీ ఒకటే. పాళీ మారేటప్పుడు దువ్వెన ఇచ్చినట్టు చేతులు మార్చుకుంటారు. సొంత అన్నదమ్ములు కూడా అట్లా బతకరు.

"అయితే ఫోన్ నేను పట్టుకుంటే నీకు నేనే బాపునా?" అన్నాడు నర్సింగం. "చెప్పు బిడ్డా, ఇప్పటిసందే మొదలువెడత. కూర్చో, చదువుకో, ఆ ఫోన్ పక్కకువెట్టు!"

సదానందం పడి పడి నవ్వాడు. నిఖిత నవ్వలేదు.

"నేను మజాక్ చేస్తలేను కాకా."

"నాకు ఎరుకే. నా మీద నీకు నమ్మకం లేదు," అన్నాడు నర్సింగం నవ్వుతూనే. ముద్ద మాత్రం చేతిలోనే ఆగిపోయింది.

సదానందం భార్య వైపు చూశాడు. "నువ్వు చెప్పు జమునా. బయట ఉండేది నువ్వు."

జమున చీరకు మెరుపు రాళ్ళు అంటిస్తోంది. జిగురు ఆరేలోగా మాట తేల్చేసింది.

"నిరుడు కార్ఖానల సాంబయ్య ఒక్కడే సేఠ్ తోని అందరి దిక్కు మాట్లాడిండు. ఏమైంది? ఒక్కన్నే పట్టుకపోయిండ్రు. వాడు ఏం మాట్లాడిండో, ఎందుకు పట్టుకపోయిండ్రో మిగిలినోళ్ళకు తెల్వనే తెల్వది. గట్ల వద్దు. డిజైన్ల గదిల నువ్వొక్కనివి కూర్చుంటే, నిన్ను లేపి అవతల పారేస్తే కథ ఒడిసినట్టే. ఫోన్‌దే పెట్టుండ్రి. లోపల పడుచు పోరలందరి ఫోన్ల అదుంది. అందరు చూడాలె."

"మరి ఫోన్ చేతులు మారుడు?" అంది నిఖిత.

"మీ బాపుకు నర్సింగంకు నడుమ గీత నాకు ఎన్నడు కనవడలే. నీకెట్ల కనవడ్డదో."

మొదటి మాట నూటికి నూరుపాళ్ళు నిజం. రెండోది శుద్ధ తప్పు. రెండూ ఒక్క నోటితో, ఒక్క ఊపిరిలో అంది. మంచి మనుషులు తరచుగా చేసే పనే ఇది.

*

గేటు మూశాక మొదట్లో బాగానే నడిచింది. రాత్రి పాళీ ఎక్కే ముందు సదానందం నిద్ర లేచి ఆటలోకి వచ్చేవాడు. ఆ లోకం నిఖిత ఫోన్‌లో ఉంది, ఆమె తెరిస్తేనే మిగిలినవాళ్ళు రాగలరు. ఆమె కట్టిన పొడుగాటి స్తంభం మీదికి బొమ్మను ఎక్కించి కిందికి చూపిస్తే జమున కూడబలుక్కుని చదివేది. "తిన్న". "మంచిగున్న". "రాళ్ళ పని దొరికిందా". పడుచు పోరల బొమ్మలు చుట్టూ గెంతేవి. ఒకడు తెల్ల ఉన్నితో బర్రెను కట్టి, "నల్ల ఉన్ని ఒడిసింది" అని పక్కన పరిచాడు. ఒకసారి ముకాదం సదానందం భుజం మీది నుంచి తొంగి చూసి, "ముసలితనాన పోరగాండ్ల ఆటలాడుతున్నవా!" అని నవ్వి పోయాడట. ఆ కబురు కూడా ఉన్నితోనే వచ్చింది.

తర్వాత మాటలు మారాయి.

"ఇద్దరికి జరం". మరునాడు, "గోలీ ఇచ్చి నెయ్యమంటుండ్రు". ఆ మరునాడు, "పండుకుంటే పగార్ లేదంటుండు". స్పీకర్ పెట్టి చేసిన ఫోన్లో మాత్రం సదానందం "అంత మంచిగున్నది, నువ్వు రంది పడకు" అనేవాడు, పాఠం అప్పజెప్పినట్టు. జమున ఆ గొంతు వింటూ ఈ అక్షరాలు చూసేది. రెండింటిలో ఒకటి తన మొగుడు, రెండోది సోమలింగం. ఆమెకు ఆ మాత్రం తెలుసు.

బయట బమ్రోలి సందుల్లో అంబులెన్సు కూత ఆగడం లేదు. శ్మశానం పొగగొట్టం మీది నుంచి గాలి ఇటు తిరిగితే బట్టలు ఆరేయడానికి కూడా మనసొప్పేది కాదు. జమున గేటు దగ్గరికి పోయింది. సోమలింగం తలుపులోని చిన్న కిటికీ తెరిచాడు. మాస్కు పైన కళ్ళు నవ్వుతున్నాయి.

"ఏంది చెల్లె, ఇట్లొచ్చినవు? లోపల మీ ఆయన రాజా లెక్క ఉన్నడు. చచ్చేటోళ్ళంత బయటనే ఉన్నరు. నువ్వు జర పదిలం."

కిటికీ మూసుకుంది.

"నాక్కూడ జరం" అన్న మాట నేల మీద కనిపించిన రోజు జమున రాళ్ళూ జిగురూ పక్కన పడేసి లేచింది. సందులో స్వరాజ్యం మొగుడు లోపలే ఉన్నాడు. పద్మారాణి ఇద్దరు తమ్ముళ్ళూ లోపలే. వాళ్ళ ద్వారా ఇంకొందరు. అందరూ కలిసి ఒక మాట అనుకున్నారు. ఎల్లుండి పొద్దున పాళీ మారేటప్పుడు రెండు పాళీల మగవాళ్ళూ ఒక్కసారి లేచి ఉంటారు. అప్పుడు వాళ్ళు లోపలి నుంచి, ఆడవాళ్ళు బయటి నుంచి గేటు మీద పడాలి. తాళం తీస్తే సరి, లేకపోతే విరగ్గొట్టాలి. ఆ మాట నిఖిత పసుపు ఉన్నితో పరిచింది. పడుచు పోరల బొమ్మలన్నీ దాని చుట్టూ చేరి ఒక్కసారి ఎగిరాయి. అంటే సరే అని.

సదానందం బొమ్మ ఆ రోజు రాలేదు.

మరునాడు సాయంత్రం వచ్చింది. రావడమే నేరుగా నడిచి వచ్చి పసుపు అక్షరాల మధ్యలో నిలబడింది. కాసేపటికి దిమ్మెలు పరచడం మొదలుపెట్టింది.

"రేపు ఎవలెవలు వస్తున్నరు. పేర్లు."

"బాపు అడుగుతుండు," అంది నిఖిత. ఫోన్ తల్లి వైపు తిప్పింది. "జరం తగ్గినట్టుందమ్మా! పేర్లడుగుతుండు."

"రాయి. ధైర్యంగుంటది వాళ్ళకు," అంది జమున.

నిఖిత స్వరాజ్యం పేరు పరిచింది. పద్మారాణి పేరు పరిచింది. మూడో పేరుకు దిమ్మె ఎత్తుతుండగా వాకిట్లో మనిషి నీడ పడింది.

నర్సింగం. స్నానం చేసి, ఉతికిన బట్టలేసుకుని, భుజాన సంచితో నిలబడ్డాడు. గడప దాటలేదు.

జమున అతని వెనక వీధిలోకి చూసింది. "గేటు తీసిండ్రా? మీ అన్న ఏడి?"

"తియ్యలే వదినె. నన్నొక్కన్నే తోలిండ్రు. ఊరికి పోతున్న. బండి దొరికింది." మాటలు నేల వైపు పోతున్నాయి. "అన్న మంచిగున్నడు. ఆ మాట చెప్పి పోదామని వచ్చిన."

"జరం తగ్గిందా?"

"తగ్గుతది. స్టోరు రూముల పండుకోబెట్టిండ్రు. మిగిలినోళ్ళకు అంటకుంటనని."

"తింటున్నడా?"

నర్సింగం సంచిని ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకున్నాడు.

"నిన్నే. తింటున్నడా, లేదా?"

"కండ్లు తెరుస్తలేడు వదినె. నిన్నటి సంది."

గదిలో నిఖిత వేలు ఫోన్ మీదే ఆగిపోయింది. తెర మీద తండ్రి బొమ్మ ఇటూ అటూ కదులుతోంది. మూడో పేరు కోసం ఎదురు చూస్తోంది. తొందరగా కానిమ్మన్నట్టు నేల మీద దిమ్మెను ఒకసారి కొట్టింది.

జమున కూతురి చేతిలోంచి ఫోన్ లాక్కుని నర్సింగం మొహానికి పట్టింది. "కండ్లు తెరువనోడు ఆట ఎట్లాడుతుండు నర్సింగం? ఈడెవడు?"

నర్సింగం చూశాడు. చూడగానే గడప మీద కూలబడ్డాడు.

"నేను రోజు ఆయన పక్కబట్టల మీదనే పండుకున్న వదినె. ఆయన చెమట తడి నా ఈపుకంటింది. నేను గూడ చస్తననుకున్న. సోమలింగం వచ్చి, ఫోన్ ఇచ్చి ఆట సంగతి చెప్తే తోలిస్తనన్నడు. నాకింకేం తెల్వలే."

"నేల మీది అక్షరాలు సదువుడు కూడ నేర్పినవా వానికి? పైకెక్కి చూసుడు నువ్వే చెప్పినవా?"

అతను తల ఊపాడు.

జమున అతన్ని తిట్టలేదు, కొట్టలేదు. చావు భయం ఏమిటో ఆమెకూ తెలుసు. కానీ తన మొగుడి పక్కబట్టల మీద నుంచి లేచి పోయిన మనిషిని మళ్ళీ తన గడప లోపలికి రానిచ్చే దయ ఆమెలో లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు.

"బంద్ చేస్తనమ్మా," అంది నిఖిత. "వాడు అంత చూసిండు. రేపటి సంగతి చూసిండు, పేర్లు చూసిండు. అందుకే కంప్యూటర్‌ది అన్న నేను! బంద్ చేస్త."

"ఆగు." జమున ఆమె మణికట్టు పట్టుకుంది. "ఇప్పుడు లోపల ఇంకెవలున్నరు?"

"పోరలున్నరు. ఐదారుగురున్నరు. రాత్రి పాళీ ఎక్కేటోళ్ళు."

"వాడు చూస్తే చూడనీ. వాడు చూసేది వాళ్ళు గూడ చూస్తరు. రాయి. రేపు కాదు, ఇప్పుడే. సాంచెలు బంద్."

"వాడు ముందుగాల ఉరుకుతడు గదా!"

"వాడొక్కడు. రాయి."

నిఖిత ఎర్ర ఉన్ని తీసింది. "ఇప్పు" అని పరిచేసరికే తండ్రి బొమ్మ వచ్చి పక్క నుంచి అక్షరాలు పగలగొట్టడం మొదలుపెట్టింది. ఒక్కో దిమ్మె ఎగిరిపోతోంది. సోమలింగానికి ఆట కొత్త, చెయ్యి తడబడుతోంది, అయినా ఆపడం లేదు. పోరల బొమ్మలు మొదట బిత్తరపోయి నిలబడ్డాయి. సదానందం ఎందుకిట్లా చేస్తున్నాడో వాళ్ళకు అర్థం కాలేదు. అంతలో బర్రెను కట్టిన బొమ్మ ముందుకొచ్చి, ఊడిన చోట దిమ్మె పెట్టింది. ఇంకొకటి వచ్చింది. వాడు ఊడగొడుతుంటే వీళ్ళు పెడుతున్నారు.

"వాన్ని కొట్టు," అంది జమున.

నిఖిత చెయ్యి లేవలేదు. తెర మీద ఉన్నది తండ్రి బొమ్మ. ఆమే వేసి ఇచ్చిన నీలం అంగీ, ఆమే పెట్టిన మీసం.

"కొట్టు బిడ్డా. అది మీ బాపు కాదు."

నిఖిత కళ్ళు మూసుకోకుండానే కొట్టింది. బొమ్మ ఎర్రగా మెరిసి వెనక్కి పడింది. మళ్ళీ కొట్టింది. అది మాయమయ్యేదాకా కొట్టింది. అప్పటికి మాట పూర్తయింది. జమున వీధిలోకి ఉరికి స్వరాజ్యాన్ని కేకేసింది.

*

వాళ్ళు గేటు దగ్గరికి చేరేసరికి సోమలింగం ముందే బయట నిలబడి ఉన్నాడు. పక్కన ఇద్దరు వాచ్‌మెన్లు, చేతుల్లో కట్టెలు. ఆడవాళ్ళు ఇరవై మందికి ఎక్కువ లేరు. సగం మంది మొహాలకు కొంగులే మాస్కులు.

"కర్ఫ్యూ టైమయితుంది. పోలీసులను పిలుస్త," అన్నాడు సోమలింగం. నవ్వు లేదిప్పుడు. "స్వరాజ్యం ఎవలు? పద్మారాణి ఎవలు?"

"నేనే స్వరాజ్యం," అంటూ ఒక ముసలామె ముందుకొచ్చింది. "నా మొగన్ని చూపెట్టు. ఆ తర్వాత నా పేరు నెత్తి మీద రాసుకో."

"నేను పద్మారాణి. నా తమ్ముళ్ళు ఎక్కడ్రా, దొంగముండకొడుకా?"

వాచ్‌మెన్లు కట్టెలెత్తారు. జమున గేటు రేకు మీద అరచేత్తో కొట్టింది. చప్పుడు ఆమె చెవికే వినపడలేదు. లోపల వందకు పైగా సాంచెలు ఆడుతుంటే నేలే అదురుతోంది. ఒకవేళ లోపలివాళ్ళు భయపడితే? ఒకవేళ ఆ మాట ఐదారు ఫోన్ల దగ్గరే ఆగిపోతే? ఆమె కొడుతూనే ఉంది.

మొదట ఏదో ఒక మూల చప్పుడు తగ్గినట్టనిపించింది. తర్వాత ఒక వరస ఆగింది. తర్వాత ఇంకో వరస. దిగాల్సిన పాళీ దిగింది, ఎక్కాల్సిన పాళీ ఎక్కలేదు. చివరికి ఒక్క సాంచె మిగిలి టకటకమని కాసేపు కొట్టుకుని అది కూడా ఆగింది.

ఆ కార్ఖానా కట్టినప్పటి నుంచి అంత నిశ్శబ్దం ఎవరూ ఎరగరు. ఆ నిశ్శబ్దంలో దగ్గు వినిపించింది. ఒకరిది కాదు. ఇద్దరిది కాదు. షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరదాకా, పైన మేడ మీద, కింద స్టోరు రూములో, ఎక్కడ చూసినా దగ్గే. ఇన్నాళ్ళూ సాంచెల మోత దాన్ని కప్పి పెట్టింది. బయటి ఆడవాళ్ళు కొట్టడం ఆపి వినసాగారు. కట్టెలెత్తిన వాచ్‌మెన్లు ఒకరినొకరు చూసుకుని మాస్కులు పైకి లాక్కుని గేటుకు దూరంగా జరిగారు.

లోపలి నుంచి ఇనుప కమ్మీతో తాళం విరగ్గొట్టారు.

ముందుగా నలుగురు వచ్చారు. సాంచె మీది నుంచి అప్పుడే కోసిన తెల్లగుడ్డ నాలుగు కొసలు పట్టుకుని ఉన్నారు. మధ్యలో సదానందం. గడ్డం పెరిగి, పెదాలు నల్లబడి, గుడ్డ గుంతలో చిన్న పిల్లవాడంత ఉన్నాడు. జమున వంగి అతని ముక్కు దగ్గర వేలు పెట్టింది. పెట్టి తీయలేదు. చాలాసేపటికి వెచ్చగా తగిలింది. మళ్ళీ చాలాసేపటికి ఇంకోసారి.

"ఉన్నడు," అంది నిఖితతో. అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు.

నిఖిత అంబులెన్సు నంబరుకు చేస్తే లైన్లో ఉండమంటూ పాట వేశారు. ఇంకో ఆస్పత్రికి చేస్తే మంచం లేదన్నారు. పాట అయ్యేదాకా ఆగితే అయ్యే పని కాదని వాళ్ళు గుడ్డ పట్టుకుని పెద్ద రోడ్డు వైపు నడక మొదలుపెట్టారు. వెనక ఇంకొకన్ని తెస్తున్నారు, వాడి వెనక ఇంకొకన్ని. నడవగలిగినవాళ్ళు గోడలు పట్టుకుని వస్తున్నారు.

గేటు పక్కన సోమలింగం కదలకుండా నిలబడి, సేఠ్‌కు చూపించడానికి ఒక్కొక్క మొహాన్నీ వీడియో తీసుకుంటున్నాడు. సదానందం ఫోన్‌తోనే తీస్తున్నాడు.

జమున అతని ముందు నుంచి పోయేటప్పుడు మొహం మీది కొంగు తీసేసింది, వీడియోలో సరిగ్గా పడాలని.